బాడుగ గది, హాస్టల్ గది: హిందూపురం రైలుదారిలో దళిత విద్యార్థి వసతి చరిత్ర

విశ్వవిద్యాలయాల చరిత్ర రాసే మన పండితులు శంకుస్థాపన రాళ్లను చదువుతారు, వైస్ చాన్సలర్ల వరుస చెబుతారు, ఏ ఏడు ఏ శాఖ తెరిచిందీ లెక్క రాస్తారు. ఆ ఏడు చేరిన పిల్లోడు రాత్రి యాడ పండుకున్నాడో మాత్రం ఎవరూ రాయలేదు. ఊర్లో మిద్దె, పట్నంలో బంధువుల ఇల్లు ఉన్నోడికి అదొక ప్రశ్నే కాదు కాబట్టి అది చరిత్ర కాలేదు. వాడనుంచి మొదటిసారి చదువుకు బయలుదేరినోడికి సీటు రావడం సగం పనే. మిగతా సగం గది. సీటు రిజర్వేషన్‌లో వస్తుంది. గదికి రిజర్వేషన్ ఉన్నచోట గదులు చాలవు, గదులున్న వీధిలో రిజర్వేషన్ లేదు.

ఈ వ్యాసం మూడు ఊర్ల గురించి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలుదారి మీదివే. మూడు ఊర్ల పిల్లలకూ డిగ్రీ తర్వాత చదువంటే అనంతపురమే. ధర్మవరం నుంచి అనంతపురం దాదాపు 35 కిలోమీటర్లు, పెనుకొండ 70, హిందూపురం 110. ఈ అంకెల్లోనే మూడు రకాల విద్యార్థులు తయారైనారు. ధర్మవరమోడు సీజన్ టికెట్ తీసుకుని పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరతాడు. హిందూపురమోడికి ఆ దారి లేదు. ఆ పిల్లోడికి హాస్టలన్నా కావాల, బాడుగ గదన్నా కావాల, లేదంటే చదువు మానుకోవాల. పెనుకొండోడు మధ్యలో ఉన్నాడు. కొన్నాళ్లు రైల్లో తిరుగుతాడు, బండి లేటయి క్లాసులు పోతే ఎవరి గదిలోనో చాప పరుచుకుంటాడు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి ఈ మూడు ఊర్లూ అందులోకి పోయినాయి, విశ్వవిద్యాలయం పాత జిల్లాలోనే మిగిలింది. ఇప్పుడు మావోళ్లు పక్క జిల్లాకు పోయి చదువుతున్నారన్నమాట. కాగితం మీద జిల్లా మారింది గానీ రైలుచార్జీ మారలేదు.

అనంతపురానికి విశ్వవిద్యాలయం అడిగిందెవరు? 1916లో దత్తమండలాల కళాశాల అక్కడ పెట్టినారు, అదే నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి విశాఖలోనూ అనంతపురంలోనూ కేంద్రాలుండాలని రాసుకున్నారు. నదీజలాలు, శాసనసభ స్థానాలు, రాజధాని, హైకోర్టు అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. సీమకు న్యాయం కావాలన్న పెద్దలు సీమలోని వాడకు ఏం కావాలో మాత్రం ఆ పట్టికలో చేర్చలేదు. ఆంధ్రరాష్ట్రం వచ్చాక 1954లో విశ్వవిద్యాలయం తిరుపతికి పోయింది. హిందూపురం పిల్లోడు ధర్మవరంలో బండి మారి పాకాల లైన్ మీద తిరుపతి చేరాల్సి వచ్చింది. 1968లో ఆ విశ్వవిద్యాలయపు పి.జి. సెంటర్ అనంతపురంలో తెరిచినారు, 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. అంటే ఒడంబడికలోని మాట నెరవేరడానికి నలభై ఏళ్లు దాటింది. ఆ రాయల రాజ్యాన్ని తర్వాత ఏలినోళ్లే 1565 యుద్ధంలో ఓడిపోయినాక రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. రాజు పేరు విశ్వవిద్యాలయానికి వచ్చింది, పెనుకొండ కోటకింద వాడ పిల్లలకు వచ్చిందేమిటన్నది వేరే లెక్క.

వసతి అడిగినోళ్ల చరిత్ర ఇంకో దారిలో నడిచింది. కొల్హాపూరులో శాహూ మహారాజు 1908లో అంటరాని కులాల పిల్లలకు మిస్ క్లార్క్ హాస్టల్ ఏర్పాటు చేసినాడు. అంబేడ్కర్ బహిష్కృత హితకారిణి సభ 1924లో పుట్టింది, మరుసటి ఏడు జనవరిలోనే షోలాపూరులో హాస్టల్ తెరిచింది. సభ పెట్టిన ఏడాది తిరగకముందే మొదట చేసిన పనుల్లో ఇదొకటని గమనించాల. ఎందుకంటే ఆయనకు గది దొరక్కపోవడమంటే ఏమిటో తెలుసు. బరోడా సంస్థానం డబ్బుతో అమెరికాలో చదివి, 1917లో అదే సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఊర్లో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగినాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టినారు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఇద్దరూ సాకు చెప్పినారు. పార్కులో సాయంత్రం దాకా కూర్చుని రాత్రి బండికి బొంబాయి పోయినాడు. కొలంబియాలో చదివినోడికే ఈ గతి పడితే, హిందూపురం ప్రభుత్వ కాలేజీలో బి.ఏ. చదివినోడి సంగతి ఎవరికి పడుతుంది?

మద్రాసు రాష్ట్రంలో 1920 ప్రాంతం నుంచి లేబర్ శాఖ ఈ పని చూసింది. ఆ శాఖ పేరే చెబుతుంది సర్కారు మనల్ని ఏ కంటితో చూసిందో: చదువుకునే పిల్లలు కాదు, కూలీలు. స్వాతంత్ర్యం వచ్చాక అది హరిజన సంక్షేమ శాఖ అయింది, తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ అయింది. 1944లో వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న అంబేడ్కర్ పట్టుబట్టి షెడ్యూల్డు కులాల పై చదువులకు ఏడాదికి మూడు లక్షల రూపాయలు మంజూరు చేయించినాడు. నేటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వేరు అదే. 1980లలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి వల్ల సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు గట్టిపడినాయి. ట్రంకు పెట్టె, కంచం, నీళ్లచారు, వార్డెన్, కామాటి: ఇవి లేకుండా నా తరం దళిత గ్రాడ్యుయేట్ల జీవితకథ లేదు. నీళ్లచారును ఎగతాళి చేసినోళ్లను చూసినాను. ఆ చారే లేకపోతే వాళ్ల ఎగతాళి వినడానికి కూడా మేము ఆ ఊర్లో ఉండేవాళ్లం కాదు.

హాస్టల్లో చోటు దొరకనోడు వీధిలోకి పోతాడు. ఈడ నా సొంత మాట ఒకటి చెబుతాను. ఎం.ఏ. మొదటి ఏడు ఇద్దరం కలిసి గది చూడబోతే ఒక ఇంటామె గది చూపింది, బాడుగ చెప్పింది, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పింది. చివర్న, "మీరేమోళ్లు నాయనా?" అని మెల్లగా అడిగింది. చెప్పినాం. "మా బంధువులు దిగుతారేమో, కనుక్కుని చెప్తాలే" అనింది. మళ్లీ పోలేదు. ఆమె తిట్టలేదు, తరమలేదు, కేసు పెట్టడానికి ఒక్క మాటా తూలలేదు. మేము తిరిగిన వీధుల్లో అంటరానితనం ఇంత మర్యాదగానే ఉండేది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 5వ సెక్షన్ ప్రజల కోసం నడిచే హాస్టల్లో చేర్చుకోకపోవడాన్ని నేరమంది, 4వ సెక్షన్ ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనీయకపోవడాన్ని కూడా నేరమంది. 1976లో చట్టం పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. "కనుక్కుని చెప్తాలే" అన్న మాటను ఏ సెక్షన్ కింద పెట్టాలో చట్టం చేసినోళ్లు ఆలోచించినట్టు లేదు.

ఇంకా లోతైన దెబ్బ వీధిలో కాదు, స్కాలర్‌షిప్ ఫారంలో ఉంది. ఆ ఫారం విద్యార్థిని రెండుగా చీలుస్తుంది: హాస్టలర్, డేస్కాలర్. 2010లో సవరించిన కేంద్ర నిబంధనల్లో బి.ఏ. చదివేవాడికి హాస్టల్లో ఉంటే నెలకు 570 రూపాయలు, లేకుంటే 300. రాష్ట్రాలు తమ లెక్కలు తాము వేసుకున్నా ఈ చీలిక మాత్రం పోలేదు. డేస్కాలర్ అంటే ఇంట్లో అమ్మ వండిపెడితే తిని కాలేజీకి పోయేవాడని ఆ నిబంధన ఊహ. హిందూపురమోడు హాస్టల్లో చోటులేక బాడుగ గదిలో ఉంటే, 110 కిలోమీటర్ల దూరపు ఇంటినుంచి రోజూ వచ్చిపోయేవాడి కింద లెక్క. బాడుగ కట్టేది అతను, తక్కువ డబ్బు వచ్చేదీ అతనికే. గది దొరకనందుకు జరిమానా అంటే ఇదే.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. కాలేజీ హాస్టల్లో చోటు ఇవ్వలేకపోతే, కనీసం ఐదుగురు విద్యార్థులు కలిసి బాడుగకు తీసుకున్న నివాసాన్ని, సంస్థ అధిపతి తనిఖీ చేసి ఒప్పుకుంటే, హాస్టల్‌గానే లెక్కించవచ్చు. చోటు లేనందువల్ల ఇతను ఆ నివాసంలో ఉంటున్నాడని సర్టిఫికెట్ ఇస్తే చాలు, హాస్టలర్ రేటు వస్తుంది. ఈ నిబంధన గోడమీద అంటించిన నోటీసు బోర్డు నేను చదివిన ఏ కాలేజీలోనూ చూడలేదు. నాకు తెలిసిందే పరిశోధనకు వచ్చినాక. దీన్ని అడగడానికి ముందు ఐదుగురు దళిత పిల్లలకు ఒకే ఇల్లు ఇచ్చే యజమాని కావాలనేది నిజమే. అయినా అడిగినోళ్లకు దారుంది, అడగనోళ్లకు అదీ లేదు. 2020లో మొదలైన వసతి దీవెన డిగ్రీ ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20,000 రూపాయలని ప్రకటించింది. డబ్బు రెండు విడతల్లో తల్లి ఖాతాలో పడాల్సింది. ఇంటి యజమాని బాడుగ మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీ అడుగుతాడు.

ఇన్ని దారులూ మూసుకుపోయినప్పుడు పుట్టింది గెస్టు పద్ధతి. ఇద్దరి గదిలో నలుగురు. ఉస్మానియాలో వీళ్లను నాన్ బోర్డర్లంటారు. యాజమాన్యాల నోట అది నేరస్తుడి పేరులాగా వినిపిస్తుంది, అప్పుడప్పుడూ తనిఖీలు చేసి గదులు ఖాళీ చేయిస్తారు. ఆ చాపమీద పండుకున్నోడు ఎవరి కొడుకో, ఎందుకు వచ్చినాడో తనిఖీ కాగితంలో రాసే గడి ఉండదు. మనవాళ్ల హాస్టల్ గది ఎప్పుడూ ఇద్దరిది కాలేదు. మాల, మాదిగ పిల్లలు వర్గీకరణ మీద రాత్రంతా కొట్లాడుకుని తెల్లారి ఒకే బకెట్ నీళ్లు పంచుకున్న గదులవి.

ఆడపిల్లకు ఈ చివరి దారి కూడా లేదు. ఆమె ఎవరి గదిలోనూ చాప పరచలేదు. ఒంటరిగా గది అడిగితే రెండు ప్రశ్నలు: కులమేమి, రాత్రి ఎన్ని గంటలకు వస్తావు. అందుకే హాస్టల్లో పేరు రాకపోతే హిందూపురం అమ్మాయి చదువు ఆ వారమే ఆగిపోతుంది. ధర్మవరం అమ్మాయి రైల్లో తిరుగుతుంది, ఇంట్లోవాళ్లు బండి టైము చూసుకుని స్టేషన్లో నిలబడతారు.

హాస్టల్లో చోటు వచ్చినా ఎక్కడ వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. ఢిల్లీ ఎయిమ్స్‌లో షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులు హాస్టల్‌లో విడిగా కొన్ని అంతస్తుల్లోకి నెట్టబడినారని థోరట్ కమిటీ 2007లో చెప్పింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 డిసెంబరులో ఐదుగురు దళిత పరిశోధకుల మీద వేసిన శిక్షలో ముఖ్యమైనది హాస్టల్ నుంచి వెలి. వాళ్లు పరుపులు బయటికి తెచ్చుకుని, టెంటు వేసి, దానికి వెలివాడ అని పేరు పెట్టినారు. అందులో ఒకడు రోహిత్ వేముల, 2016 జనవరి 17న చనిపోయినాడు. యాజమాన్యం చదువు ఆపలేదనింది, క్లాసుకు రావచ్చుననింది. గది లేకుండా చదువు ఉంటుందన్న ఆ వాదన, స్కాలర్‌షిప్ ఫారంలోని డేస్కాలర్ ఊహ, రెండూ ఒకే బుర్రలో పుట్టినవి.

ఈ చరిత్ర రాయడానికి కావలసిన కాగితాలు గ్రంథాలయాల్లో లేవు. సంక్షేమ హాస్టళ్ల అడ్మిషన్ రిజిస్టర్లు, మెస్ కార్డులు, అలాట్‌మెంట్ జాబితాలు, పాత సీజన్ టికెట్లు, బాడుగ రసీదులు మన ఇళ్లల్లో ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్లలో ఉండి ఇప్పుడు టీచర్లు, గుమాస్తాలు, వార్డెన్లు అయినోళ్లు చాలామంది ఉన్నారు. ఏ ఏడు, ఏ గదిలో, ఎంతమంది, బాడుగెంత, ఎవరు వద్దన్నారు అన్న ఐదు సంగతులు ఒక కాగితం మీద రాసి పంపితే చాలు. రిజిస్టర్లు చెదలు పట్టకముందే జిరాక్సు తీసుకోవాల.