కూతను వినుటకు కూడినవారు

పొన్నేరికి ఈశాన్యమున పులికాటు సరస్సు కలదు. మన యూరిని ఒరసికొని పారు ఆరణి నది యందులోనే కలియును. శీతకాలమున అచటికి వేలకొలది రాజహంసలు వచ్చుట ఈ ప్రాంతపు తెలుగువారికిని తమిళులకును చిరపరిచితము. వానిని చూడబోవువారు పెక్కండ్రు; వాని కలకలమును చెవియొగ్గి వినువారు కొందరే. కంటికి దొరకని ప్రాణి చెవికి దొరకుననియు, అందులకు ఒకని చెవి చాలక పలువురు కూడవలసి యుండుననియు తెలుపు చరిత్ర యొకటి తెలుగునాట జరిగినది. మేము శాస్త్రజ్ఞులము కాము. కచేరీలో దస్త్రములు వ్రాసి విశ్రాంతి గైకొన్నవారము. అయినను ఆ చరిత్ర మన తిరువళ్ళూరు జిల్లాకును కొంత సంబంధించినది గనుక విన్నవించుచున్నాము.

జంతువుల ధ్వనిని పట్టి నిలుపుట పందొమ్మిదవ శతాబ్దాంతమునకు గాని సాధ్యపడలేదు. 1889లో లుడ్విగ్ కోక్ అను జర్మను బాలుడు ఫోనోగ్రాఫు మైనపు గొట్టముపై ఒక పక్షి పాటను పట్టెను. అది మన దేశపు అడవులలో నివసించు షామా జాతి పక్షి యగుట విశేషము. గబ్బిలములు మానవుని చెవి కందని ధ్వనులు చేయునని 1938లో అమెరికాలో తేలినది. ప్రాణిని ఎరిగిన గ్రిఫిన్ అను విద్యార్థియు, ధ్వనిని కొలుచు యంత్రమును నిర్మించిన పియర్సు అను భౌతికశాస్త్రాచార్యుడును కలిసినందుననే ఆ రహస్యము బయటపడెను. కూత జీవశాస్త్రమునకును, ధ్వని భౌతికశాస్త్రమునకును, చెవి శరీరశాస్త్రమునకును చెందినవి. ఈ మువ్వురు ఒకచోట కూర్చుండనిదే పని సాగదు. ఈ యవసరమును గుర్తించియే 1969లో డెన్మార్కు దేశపు ఆర్హుసు నగరమున అంతర్జాతీయ జీవధ్వని మండలి నెలకొల్పబడెను. ఆ మండలి సభ 2017లో మన హరిద్వారమున జరిగినది.

దక్షిణదేశమున ఇట్టి కలయికకు మదురై కామరాజు విశ్వవిద్యాలయము ప్రసిద్ధిగాంచినది. అచట ఆచార్య చంద్రశేఖరన్ గారు గబ్బిలముల పరిశోధనకు పునాది వేసిరి. జర్మనీ నుండి వచ్చిన నాయివైలరు గారును, మదురైకి చెందిన మారిముత్తు గారును కూడి కప్పలను వేటాడు ఒక జాతి గబ్బిలమును పరీక్షించి 1987లో ఫలితములను ప్రకటించిరి. కప్ప కదలినపుడు పుట్టు చప్పుడును విని ఆ గబ్బిలము దానిపై వ్రాలుననియు, కదలక పడియున్న కప్పను విడిచిపెట్టుననియు వారు నిరూపించిరి.

ఇక తెలుగునాటి సంగతి. నెల్లూరులో సర్కారు వైద్యుడుగా నుండిన జెర్డను దొర పక్షిశాస్త్రమున అఖండుడు. ఆయన పేర నొక పక్షి కలదు. 1848లో బ్లైత్ అను పండితుడు దానిని శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. 1900 తరువాత అది యెవరికిని కానరాకపోయెను. నశించినదని పండితులు తలంచిరి. కాని కడప జిల్లా పల్లెవారు దానిని కలివికోడి యని పిలుచుచునే యుండిరి. కలివిపొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు వచ్చినది. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు, ఐతన్న యను స్థానికుని సాయమున, లంకమల ప్రాంతమున దానిని మరల కనుగొనిరి. పుస్తకము చదివినవాడును అడవి నెరిగినవాడును కలిసినగాని ఆ కార్యము కాలేదు. 1988లో ఆ యడవి లంకమల్లేశ్వర అభయారణ్యమైనది.

రాత్రివేళ పొదలలో సంచరించు ఈ పక్షిని చూచుట మిక్కిలి కష్టము. దాని కూత సూర్యుడస్తమించిన ముప్పావుగంటకు మొదలై కొలది నిమిషములలో ముగియును. బొంబాయి సంఘమువారును బ్రిటను పరిశోధకులును కలిసి ఆ కూతను రికార్డు చేసి, దానినే అడవిలో వినిపించి ప్రత్యుత్తరము కొరకు నిరీక్షించిరి. మెత్తని మట్టిపట్టీలు పరచి అడుగుజాడలను గుర్తించిరి. అది యెచటెచట నున్నదో ఈ విధముగా కొంత తెలిసెను.

ఆ తెలివిడికి త్వరలోనే పని కలిగెను. 1983 ఏప్రిల్ 18న ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక వలన తెలుగుగంగ పథకము ఏర్పడి, 1996లో కృష్ణాజలము మన జిల్లాలోని పూండి జలాశయమును చేరెను. ఆ పథకమునకే చెందిన యొక కాలువకై 2005లో కలివికోడి తావులలో యంత్రములు త్రవ్వనారంభించెను. పరిశోధకులు తాము సేకరించిన యాధారములను చూపిరి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘము విచారించెను. కాలువ మార్గము మార్చబడెను. కూతను విని వ్రాసిపెట్టినవారు లేకున్న ఆ పొదల పక్షమున సాక్ష్యమిచ్చువారెవరు?

ఆ పక్షి నేటికిని అత్యంత అపాయస్థితిలో నున్నది. నీరు మనకు ప్రాణాధారము. దానిని కాదనుట మా యభిమతము కాదు. అయినను కాలువ త్రవ్వుటకు ముందు వినుట నేర్వవలయును. పులికాటు తీరమున బెస్తలును యానాదులును పక్షుల నెన్నింటినో కూతచేతనే గుర్తింతురు. వారెరిగిన పేర్లును కూతలును ఏ గ్రంథమునకును ఎక్కక వారితోనే పోవునట్లు చేయరాదు. మన సంఘమువారు విద్యార్థులను ఆ పెద్దల చెంతకు పంపి, వినినదానిని వ్రాయించినచో, రేపటి పరిశోధకునకు ఐతన్న వంటి తోడు దొరకును. ఇదియే మా ప్రార్థన.