ఆరు దినముల శిష్యరికము

సికింద్రాబాదు నుండి నాగపురమునకు పోవు పెద్దబాట సుచిత్ర కూడలి గడచి, పేట్ బషీరాబాద్, కొంపల్లి మీదుగా మేడ్చలు చేరి, అటుపై తూప్రాను, రామాయంపేట, కామారెడ్డి, డిచ్‌పల్లి ఊళ్లను ఒకదాని వెంట నొకటి కలుపుకొనుచు ఉత్తరమునకు సాగును. ఈ బాటకు తూర్పున తెల్లదొరల దండు విడిసిన బొల్లారము, పడమట ఆకాశమంటు శిఖరముతో మెదకు దేవాలయము ఉన్నవి. ఆదివారమునాడు ఈ దారిని పోవువానికి ప్రార్థనాలయముల పాటలు వినవచ్చును. కాని క్రీస్తు శిష్యుడై బ్రదుకుట యనగా నేమో తెలిసికొనగోరువాడు తక్కిన ఆరు దినములను గూర్చి విచారింపవలసి యున్నది. ఏలయన తెలుగునాట ఈ శిష్యరికము ఆలయము లోపల కంటె పొలము గట్టున, పని చోట, పొరుగువారి కంటి యెదుట పరీక్షింపబడుచు వచ్చినది; ఆ పరీక్ష యుగమున కొక రూపము దాల్చినది.

తొలినాళ్ల కథ క్లుప్తముగా చెప్పదగినది. 1805లో లండన్ మిషనరీ సంఘమువారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇరువురు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చి, సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. ఆ కాలమున క్రీస్తును వెంబడించిన వారు ఒకరొకరుగా వచ్చినవారే గాని కూటములుగా వచ్చినవారు కారు. అగ్రకులమున బుట్టినవానికి శిష్యుడగుట యనగా ఇల్లు విడుచుట, బంధువులకు మృతప్రాయుడగుట. బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి అట్టివాడు. ఆయన వ్రాసిన కీర్తనలు రాగతాళములతో పల్లెపల్లెకు ప్రాకి, చదువురాని తల్లులకు సైతము సాయంకాలపు కుటుంబ ప్రార్థనను సుసాధ్యము చేసినవి. వేదవాక్యము చేతికందక మునుపే పాట నోటికందుట తెలుగు క్రైస్తవుల భాగ్యము.

అసలు పరీక్ష ఒంగోలు సీమలో ఆరంభమయ్యెను. అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర 1866లో అచ్చట స్థిరపడిన కాలముననే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద ఆయన కడ బాప్తిస్మము పొందెను. ఈ పేరయ్య తోళ్ల వర్తకమునకై ఉత్తరపు ఊళ్లకు పోవుచు వచ్చుచుండినవాడు. క్రీస్తు నామము వినకపూర్వమే వీరమ్మ యను ఒక స్త్రీ గురువు వద్ద రాజయోగము నభ్యసించి, తానును కొందరికి గురువై యుండినవాడు. కావున గురువునకు లోబడుట, ఉపదేశమును నడవడిలోనికి దెచ్చుకొనుట ఆయనకు క్రొత్తవి కావు. చెప్పులు కుట్టు ఆ జనుల మధ్య ఆధ్యాత్మిక జిజ్ఞాస యెంత గాఢముగా నుండెనో క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథము చదివినవారు గ్రహింపగలరు. ఆకలికి మతము మార్చుకొన్నవారని వారిని చులకన చేయు మాటలు నేటికిని వినబడుచుండుట నాకు మిక్కిలి బాధాకరము. ఆ మాటలాడువారికి పేరయ్య కథ తెలియదు.

క్లౌ దొర ఆ విశ్వాసులకు విధించిన నియమములు మూడే మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. నేటి చదువరికి ఇవి చిన్న విషయములుగా దోచవచ్చును. కాని నాటి గ్రామ వ్యవస్థను మనసునకు దెచ్చుకొనుడు. మాదిగవాడు రైతునకు మోటబొక్కెన కుట్టియిచ్చి, చెప్పులు చేసి, వెట్టికి పోయి, జాతరలో డప్పు కొట్టి, వాటికి బదులుగా కొంత గింజయు, చచ్చిన పశువు కళేబరమును పొందువాడు. కోత కాలమున ఆదివారము పనికి రానని చెప్పుట కాపు మాటను త్రోసివేయుట. కళేబరము వలదనుట తరతరముల కట్టుబాటు నుండి తొలగుట. జాతరలో డప్పు ముట్టననుట ఊరంతటికిని అపచారము. ఒక్కొక్క నియమము ఊరితో నున్న ముడి నొక దానిని త్రెంపెను. ఫలితముగా పనులు మానిపించుట, అబద్ధపు నేరములు మోపి కచ్చేరీల చుట్టు త్రిప్పుట మొదలగు హింసలు వారికి సంప్రాప్తించినవి. వేదాంత చర్చలో ఓడింపబడిన విశ్వాసి యెవడును అక్కడ కానరాడు. ఆదివారమునాడు కొడవలి పట్టుమని నిర్బంధింపబడిన విశ్వాసులు వందలకొలది గానవచ్చుచున్నారు.

తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు దీసికొని, బోధకులను మేస్త్రీలుగా నిలిపి, వేలకొలది జనులకు కూలి యిప్పించెను. ఆ దినములలో కులభేదము లేక ఆకలిగొన్నవారెల్లరును ఆ త్రవ్వకమునకు వచ్చిరి. కూలికి ఆశపడి వచ్చిరను నింద రాకుండుటకై కరవు తీరువరకు బాప్తిస్మములను నిలిపివేసిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది ఒక్కదినమున బాప్తిస్మము పొందిన సంగతి ప్రపంచ ప్రసిద్ధము. చరిత్రకారులు ఆ సంఖ్య కడ ఆగుదురు. నాకు మాత్రము దానికి ముందు మేస్త్రీ యొక్క కూలి లెక్కలో కానవచ్చిన న్యాయము, దానికి పిమ్మట అంతమందికి నడవడి నేర్పుటకు చాలినంతమంది బోధకులు లేకపోయిన కొరత, ఈ రెండును ఆ సంఖ్య కంటె ముఖ్యములుగా దోచును. ఆ కొరత తీరుటకు తరములు పట్టెను. సంపూర్ణముగా తీరినదని నేడును చెప్పజాలము.

నైజాము రాజ్యములోని దోర్నకల్లున ఈ నేర్పుపని మరియొక చేతి మీదుగా సాగినది. తిరునల్వేలి ప్రాంతమున పుట్టి, స్వదేశీయుల ధనముతో స్వదేశీయులే నడుపు మిషనరీ సంఘమును 1903లో స్థాపించినవారిలో నొకడై, అనంతరము తానే ఆ పనికి తెలుగునాటికి తరలివచ్చిన వేదనాయకం సామ్యుయేలు అజరయ్య, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనయే. ఆయన చేసిన గొప్ప పని యేదని నన్నడిగినచో, శిష్యునకును ఉపదేశకునకును నడుమనున్న గోడను కూల్చుటయని చెప్పుదును. బాప్తిస్మము పొందినవారిచే తమ చేతిని తమ తలమీద నుంచుకొనజేసి, క్రీస్తును ప్రకటింపకున్న తమకు మేలులేదని ఒప్పింపజేయుట ఆయన పద్ధతి. ఏటేట సాక్ష్యవారము జరుపుచు, కూలి చేసికొను స్త్రీపురుషులే బృందములుగా పొరుగు పల్లెలకు పోవునట్లు ఏర్పరచెను. ఇల్లాలు అన్నము వండునపుడు పిడికెడు బియ్యము దీసి వేరుగా నుంచి, వారాంతమున సంఘమున కర్పించు ఆచారము బీదరాలిని సైతము దాతగా జేసెను. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథమునకు వెనుక ఈ పిడికిళ్ల అనుభవమే యున్నది.

ఈ సాధారణ జీవితముల ఫలము మరియొక దిక్కున గానవచ్చెను. 1933లో ప్రకటితమైన జె. వాస్కం పికెట్ గారి పరిశీలన గ్రంథము, అంటరానివారని తాము త్రోసివేసినవారి యిండ్లలో కల్లు మానుట, శుభ్రత, పిల్లల చదువు చూచి అగ్రకులములవారు కొందరు సంఘమునకు ఆకర్షితులైన విషయమును పేర్కొనినది. ప్రసంగవేదిక నెక్కని కూలివాడు తన గుడిసె వాకిటి వలన బోధకుడయ్యెను.

ఇక మన ఉత్తరపు బాటకు వత్తము. హైదరాబాదు ప్రాంతమున 1879లో పని ఆరంభించినవారు వెస్లియను మెథడిస్టులు. వారి మూలపురుషుడు జాన్ వెస్లీ 1742లో బ్రిస్టలు పట్టణమున, మందిరపు అప్పు తీర్చుటకు పన్నెండేసి మందిని ఒక్కొక్క జట్టుగా జేసి వారమున కొక పెన్నీ వసూలు చేయించెను. ఆ వసూలుకై ఇల్లిల్లు తిరిగిన పెద్దలు వారివారి నడవడిలోని లోపములను కనుగొనగా, ఆ జట్టులే వారమున కొకమారు కూడి ఒకరి కొకరు తమ ఆత్మల లెక్క చెప్పుకొను కూటములుగా పరిణమించినవి. డబ్బు లెక్కకు ఏర్పడినది బ్రదుకు లెక్కకు పనికివచ్చెను. మెదకునకు 1896లో వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ సంప్రదాయమున పెరిగినవాడు. ఆయన పేరు చెప్పగనే జనులు 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహాలయమును, సుమారు 175 అడుగుల దాని గోపురమును తలంతురు. కరవు దినములలో కూలి దొరికిన పనిగా మెదకువారు దానిని జ్ఞాపకముంచుకొందురు.

ఆ బాటనే ఇంకను ముందుకు పోయినచో డిచ్‌పల్లి. వెస్లియను మిషనుకు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగులకై 1915లో అచ్చట ఆసుపత్రి నెలకొల్పిరి. దానికి ధనసహాయము చేసినవాడు నిజామాబాదు హిందూ ధనికుడు నర్సాగౌడు. రోగిని ముట్టు చేయి క్రైస్తవురాలిది, ఇటుక పేర్పించిన సొమ్ము హిందువుది. కుష్ఠు సోకినవానిని సొంత యింటివారే వెలివేయు దినములలో ఆ పుండ్లను కడిగిన వారి శిష్యరికమును చూచుటకు దేవాలయమునకు పోనక్కరలేకుండెను.

1950లో హైదరాబాదు నగరమున మరియొక మార్గము తెరువబడినది. పంజాబున 1903లో సిక్కు కుటుంబమున జన్మించి, కెనడాలో చదువుచుండగా క్రీస్తును స్వీకరించిన బక్త్ సింగ్, గోలకొండ చౌరస్తా కడ హెబ్రోను నెలకొల్పెను. అచ్చట జీతము నిర్ణయింపబడిన బోధకుడు లేడు. ఆరాధనకు నేలమీద చాపలపై కూర్చుందురు. అనంతరము ప్రేమవిందున అధికారియు కూలియు ప్రక్కప్రక్కనే భుజింతురు. మాల సంఘము, మాదిగ సంఘము, ఫలానా కులపు సంఘమని వేరువేరు గుంపులుగా సాగుచు వచ్చిన మన క్రైస్తవమునకు ఈ పంక్తిభోజనము చేసిన చికిత్స తక్కువది కాదు. అయినను వ్యాధి మానలేదు. పెండ్లి సంబంధముల మాట వచ్చినప్పుడు క్రైస్తవ కుటుంబములు మొదట అడుగునది కులమే. ఇది నేను దుఃఖముతో వ్రాయుచున్న మాట.

అదే 1950వ సంవత్సరము ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు వేరొక పరీక్ష తెచ్చిపెట్టెను. ఆ ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాజాలడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు లభించినది గాని క్రైస్తవులకు లభింపలేదు. మన రాష్ట్రములలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో సి వర్గమున జేర్చి ఒక్క శాతము కేటాయించిరి. తత్ఫలితముగా సంఘపు పుస్తకమున ఒక పేరు, సర్టిఫికెట్టున మరియొక పేరు గల కుటుంబములు ఏర్పడినవి. వీరిని అబద్ధికులని నిందించుట సులభము, నేను నిందింపను. పేదవాని బిడ్డ చదువును అతని విశ్వాసముతో పోటీకి నిలబెట్టిన అన్యాయము ముందు సరిదిద్దబడవలె. అయినను తన పేరును తాను బాహాటముగా చెప్పుకొనలేని విశ్వాసి మనస్సాక్షి నిత్యము మోయుచున్న బరువు ఒంగోలు విశ్వాసులు మోసినదాని కంటె తేలికైనదని నేననుకొనను.

పేట్ బషీరాబాద్ చెరువులు, పొలములు నిన్నటి మాట. జీడిమెట్ల పారిశ్రామికవాడలోని మందుల కర్మాగారములకు, రసాయనపు యంత్రశాలలకు మెదకు, కరీంనగరు పల్లెల నుండియు, కోస్తా జిల్లాల నుండియు వచ్చినవారితో ఈ ప్రాంతము నిండినది. 1964 మొదలుకొని పుస్తకముల మూటలతో దేశమంతట తిరుగుచు, ఉన్నదానిని పంచుకొని బ్రదుకుటయే శిష్యత్వమని యువకులకు నేర్పిన ఆపరేషన్ మొబిలైజేషన్ వారి కేంద్రమును జీడిమెట్ల గ్రామమున ఈ బాటనే వెలసినది. పల్లెలో పొరుగువాని కన్ను కాపలా కాసెడిది. ఈ అపార్టుమెంట్లలో ఎదుటి తలుపువాని పేరు తెలియదు. కావున వారము నడుమ ఒకరి యింట కూడు గృహకూటములు, స్త్రీల మైత్రి సమావేశములు వెస్లీ జట్టులవలె అవసరములైనవి.

కాని వాటిలో ప్రార్థనాంశములుగా వినబడునవి ఉద్యోగము, వీసా, ఆరోగ్యము, సొంత ఇల్లు. ఇవి కోరదగనివని అనను. క్లౌ దొర తన జనులతో కళేబరమును గూర్చి మాటాడినట్లు ఈ ప్రాంతపు బోధకుడు తన జనులతో మాటాడవలసినవి వేరే కలవు. రాత్రి షిఫ్టులో వ్యర్థజలమును నాలాలోనికి వదలుమని పైవాడు చెప్పినప్పుడు ఆపరేటరగు విశ్వాసి ఏమి చేయవలె? కొంపల్లి, శామీరుపేట దిక్కున భూముల క్రయవిక్రయములు చేయు విశ్వాసి రిజిస్ట్రేషను పత్రమున నిజమైన వెల వ్రాయవలెనా, మానవలెనా? ఆదివారము కూడ డ్యూటీకి రావలెనన్న కాంట్రాక్టు కూలి ఉపవాసము చేయునా, ఉద్యోగము విడుచునా, లేక శనివారపు రాత్రి అతనికొరకు సంఘమే కూడునా? బాప్తిస్మమునకు సిద్ధపడు యువతీయువకుల తరగతులలో ఈ ప్రశ్నలు ఉండవలె. ఆ పాఠమును వ్రాయుటకు వేదపండితుని ప్రక్కన ఆ ఆపరేటరును, ఆ దస్తావేజు లేఖరిని, ఇండ్లలో పని చేయు ఆ తల్లిని కూర్చుండబెట్టవలె. ఎచ్చట పట్టు సడలుచున్నదో వారికి తెలియును.