జెర్సీ దీవిలో నివాస అనుమతులు

ఇంగ్లిష్ ఛానల్‌లో, ఫ్రాన్స్ తీరానికి చేరువలో ఉన్న జెర్సీ బ్రిటిష్ రాజరికం కింది స్వపరిపాలిత దీవి. వైశాల్యం సుమారు 118 చదరపు కిలోమీటర్లు, 2021 జనగణన ప్రకారం జనాభా 1,03,267. మన పాడి రైతులు పెంచే జెర్సీ ఆవుకు పుట్టిల్లు ఇదే. బయటి పశువులు దీవిలో అడుగుపెట్టకుండా 1789లోనే చట్టం చేశారు. మనుషుల విషయంలో అలా కుదరలేదు. బ్రిటిష్, ఐరిష్ పౌరులు స్వేచ్ఛగా తిరిగే ఉమ్మడి ప్రయాణ ప్రాంతంలో జెర్సీ కూడా ఉంది. అందుకే రేవులో ఆపలేని వారిని ఇంటి గుమ్మం దగ్గర ఆపే పద్ధతి ఇక్కడ పుట్టింది.

1940 జులై నుంచి 1945 మే దాకా దీవి జర్మన్ సేనల చేతిలో ఉంది. విముక్తి తర్వాత, ముందే తరలివెళ్లిన వేలాది మంది తిరిగొచ్చారు. ఇళ్లకు కటకట ఏర్పడింది. 1949 గృహ చట్టం ఇళ్ల అమ్మకాలకూ అద్దెలకూ ప్రభుత్వ సమ్మతి తప్పనిసరి చేసింది.

1960ల నుంచి బ్యాంకులు, ట్రస్టు కంపెనీలు దీవికి వరుస కట్టాయి. వాటికి కావలసిన నిపుణులు, ఆస్పత్రులకు డాక్టర్లు, బడులకు టీచర్లు స్థానికంగా సరిపడా దొరకలేదు. 1970 నాటి నిబంధనలు ఇంటి అర్హతను అక్షరాలవారీగా విడదీశాయి. పుట్టుక, దీర్ఘకాల నివాసం వంటి కారణాలతో అర్హులైన వారు ‘ఎ’ నుంచి ‘హెచ్’ వరకు గల వర్గాల్లోకి వచ్చేవారు. అత్యవసర ఉద్యోగులది ‘జె’, బాగా పన్ను కట్టగల సంపన్నులది ‘కె’. నైపుణ్యానికీ డబ్బుకూ పక్కపక్క అక్షరాలు దక్కడం కాకతాళీయమే కావచ్చు. ‘జె’ వర్గాన్ని సూచించే ‘జె–క్యాట్’ అన్నది దీవిలో వాడుక మాటైపోయింది. ఆ వర్గంలో చేర్చే మనిషి అవసరమని ప్రభుత్వాన్ని ఒప్పించాల్సింది ఉద్యోగం ఇచ్చే సంస్థే. ఏ అక్షరమూ దక్కని హోటల్ పనివాళ్లు, పొలం కూలీలు లాడ్జింగ్ హౌసుల్లోనో, ఎవరింట్లోనో ఒక గదిలోనో సర్దుకునేవారు.

2012లో చేసిన ఇళ్లు, ఉద్యోగాల నియంత్రణ చట్టం 2013 జులై 1న అమల్లోకి వచ్చి ఈ అక్షరాలను చెరిపేసింది. ‘జె’ స్థానంలో ‘లైసెన్స్‌డ్’ హోదా వచ్చింది. ఈ హోదా ఉన్నవారు తాము కాపురం ఉండేందుకు సొంత పేరుతో ఇల్లు కొనుక్కోవచ్చు, అద్దెకూ తీసుకోవచ్చు. వారి జీవిత భాగస్వామికి ఉద్యోగం చేసే హక్కు వస్తుంది, విడిగా తన ఒక్కరి పేరుతో ఇల్లు కొనే హక్కు రాదు. పదేళ్లు ఎడతెగకుండా దీవిలో ఉంటే ‘ఎన్‌టైటిల్డ్’ హోదా దక్కుతుంది, అప్పటి నుంచి ఇంటికీ ఉద్యోగానికీ ముడి ఉండదు. ఈలోగా ఉద్యోగం పోతే లైసెన్స్‌డ్ హోదా పోతుంది, దాంతో ఆ ఇంట్లో ఉండే అర్హతా పోతుంది.