చిరు ఉత్పత్తిదారుల సంఘాలు

చిరు ఆహార, చేతివృత్తి వ్యాపారాలకు సంఘం ఇచ్చే అసలు బలం అప్పు కాదు, పేరు. 1999 నాటి చట్టం ప్రకారం భౌగోళిక గుర్తింపుకు ఏ తయారీదారూ ఒంటరిగా దరఖాస్తు చేయలేడు. ఉత్పత్తిదారుల సంఘమో, వారి తరఫు సంస్థో కావాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు తెచ్చింది తయారీదారుల సంక్షేమ సంఘమే. వేడి కుండ మీద బియ్యపు పిండిలో తడిపిన గుడ్డ పరిచి, పలచని రేకు తీసే మహిళల పనితనానికి చట్టం అండ అలా దొరికింది. తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనూ, సబంగ్ ప్రాంతపు మాదుర్‌కాఠి చాపలకు 2018లో ఇదే హోదా వచ్చింది.

లాభమంతా పెద్ద దుకాణాలకే పోతుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదయ్యే హక్కును అదే చట్టం ప్రతి ఉత్పత్తిదారుకూ ఇచ్చింది. దరఖాస్తు నింపించి, రుసుము కట్టించే పని సంఘం తలకెత్తుకోకపోతే ఆ హక్కు ఇంటి దగ్గర రేకులు తీసే మనిషిదాకా చేరదు.