కేడీఎం: మూడక్షరాల చరిత్ర

మా నాయనమ్మ కాసులపేరును కరిగించిన రోజున ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. 22 కారెట్లని నమ్మి చేయించిన నగ, కరిగించి పరీక్షిస్తే అంతకు తక్కువగా తేలింది. కంసాలి మోసం చేశాడని పెద్దలందరూ తీర్మానించారు. ఆ నగ చేసినవాడు ఏనాడో కాలం చేశాడు. బదులు చెప్పుకొనే అవకాశం అతనికి లేదు. తరువాత ఈ విషయమై కొంత చదివిన మీదట, ఆ తీర్పు తొందరపాటని నాకు తోచింది.

నగ ఒకే ముక్క కాదు. కాసులపేరులో ప్రతి కాసుకూ ఒక చిన్న వలయాన్ని అతకాలి. ఆ అతుకుకు వాడే టంకం, నగకంటె ముందుగా కరగాలి. లేకుంటే నగే కరిగిపోతుంది. మేలిమి బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద. అందుకని స్వర్ణకారులు బంగారంలో రాగి, వెండి ఎక్కువ పాళ్లలో కలిపి టంకం తయారుచేసుకునేవారు. అతుకులు పెరిగినకొద్దీ నగ మొత్తంలో బంగారం పాలు తగ్గుతుంది. గీటురాయి పైపొరను మాత్రమే చెబుతుంది కనుక, ఈ సంగతి కరిగించిన నాడే బయటపడుతుంది. మోసగాళ్లు లేరని కాదు. నిజాయితీపరుడి పనిలోనూ ఈ తేడా తప్పదని మాత్రమే నా మనవి.

దీనికి విరుగుడుగా వచ్చినది కాడ్మియం. 1817లో జర్మనీలో స్ట్రోమేయర్ కనుగొన్న ఈ లోహం 321 డిగ్రీలకే కరుగుతుంది, 767 డిగ్రీలకు మరుగుతుంది. బంగారంలో కొద్దిగా కలిపితే చాలు, టంకం సులువుగా పారుతుంది. వేడికి కాడ్మియంలో చాలా భాగం ఆవిరైపోతుంది. నగ స్వచ్ఛత దాదాపు చెక్కుచెదరదు. దుకాణాలలో గొప్పగా చెప్పుకున్న ‘కేడీఎం’ ఇదే. అది బంగారం రకం పేరనుకున్నాము. నిజానికి అతుకు పేరు.

మరి ఆవిరైన కాడ్మియం ఎక్కడికి పోయింది? ఇరుకు గదిలో, కుంపటి ముందు వంగి కూర్చున్న పనివాడి ఊపిరితిత్తులలోకి. అది మూత్రపిండాలనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది. జపానులో జింజూ నది నీటిని వాడుకున్న పల్లెలను పీడించిన ‘ఇటాయి-ఇటాయి’ వ్యాధికి గని నుంచి వచ్చిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లోనే ప్రకటించింది. 1993లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మనకు దక్కిన స్వచ్ఛతకు వెల చెల్లించినది మరొకరన్నమాట.

2000లో భారతీయ ప్రమాణాల సంస్థ బంగారు నగలకు హాల్‌మార్కు పథకాన్ని ప్రారంభించింది. దాని ప్రమాణాలు కాడ్మియం టంకాన్ని అంగీకరించవు. జింకు వంటి లోహాలు కలిపిన టంకాలు ఆ స్థానంలోకి వచ్చాయి. 2021 జూన్ 16 నుంచి తొలివిడతగా 256 జిల్లాలలో ఈ ముద్ర తప్పనిసరి అయింది. నేడు నగపై సంస్థ చిహ్నం, స్వచ్ఛత, ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి.

అయితే ఆ ముద్ర కూడా బంగారం ఏ గనినుంచి వచ్చిందో చెప్పదు. 1887లో గ్లాస్గోలో రూపొందిన సైనైడ్ పద్ధతి కోలారుకూ చేరింది. అక్కడి గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం తీసుకోగా మిగిలిన మట్టి గుట్టలు మాత్రం ఊరి పక్కనే ఉండిపోయాయి.

కనుక నా మటుకు నేను పాత బంగారాన్నే కరిగించి చేయించుకోవడం మేలనుకుంటాను. అందుకోసం కొత్తగా కొండను తవ్వనక్కరలేదు. చేయించేటప్పుడు ముద్ర చూడాలి. నగను వెనక్కి తిప్పి అతుకులు నునుపుగా, గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. టంకంలో ఏమి కలిపారని కూడా అడగాలి. ఆ ప్రశ్న మన బంగారం కోసమే కాదు, కుంపటి ముందు కూర్చున్న మనిషి కోసం కూడా.

నాయనమ్మ ఉండగా ఈ సంగతి తెలిసి ఉంటే, ఆ కంసాలి తరఫున ఒక్క మాటైనా చెప్పి ఉండేవాణ్ణి.