బస్తర్ ఇంటి కొలిమి

బస్తర్ లోహశిల్పం గురించి రాసేవాళ్లు చేతి నైపుణ్యాన్నే పొగుడుతారు. ఆ కళను నిలబెట్టింది ఇంటి పెరడేనని నా వాదన. డోక్రా అనే ఇత్తడి పోతపని చేసే కొండగావ్ ఘడ్వాల పని చూడండి. మట్టిముద్దను ఆరబెట్టి, మైనాన్ని సన్నటి దారాలుగా ఒత్తి దానిమీద పక్కపక్కనే చుడతారు. పైన మళ్లీ మట్టి పూత. కాలిస్తే మైనం కరిగి, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. అచ్చు పగలగొట్టాలి కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకటి కావు. లోహం, కాస్త మైనం కొంటే చాలు. మట్టి చుట్టుపక్కల దొరికేదే, పని ఇంటిల్లిపాదిదీ. మన ఆదిలాబాద్‌లో ఇత్తడి బొమ్మలు పోసే ఓజాలదీ ఇదే పద్ధతి.

పెరడు అంత బలమైనదైతే ఇనుపరాయి కరిగించే భట్టీలు ఎందుకు ఆరిపోయాయని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మధ్య భారతంలో ఇనుము కరిగించే అగరియాల భట్టీలను ఫ్యాక్టరీ ఇనుము, పన్నులు దెబ్బతీసిన తీరును మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లోనే నమోదు చేశాడు. కానీ పోయింది కరిగించే దశ మాత్రమే. బస్తర్ లోహార్లు పాత ఇనుము తెచ్చి ఇంటి కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి దీపపు స్తంభాలు, జింకలు చేస్తున్నారు. 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ డోక్రా, ఇనుప పనుల వెనుక ఉన్నవి ఈ పెరళ్లే. గొడ్డళ్లు, నాగటి కర్రులు అడిగే ఊరి గిరాకీ తగ్గి, పని పట్నపు అలంకరణ వైపు మళ్లడమే నాకు నిజమైన నష్టంగా తోస్తుంది.