మెదడుకు తగిలిన గాయం, మనసులో మిగిలిన జాడ

పక్షవాతం వచ్చినవారి కాలూ చేయీ కదులుతున్నాయా అని అందరమూ చూస్తాము. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన ఎలా ఉన్నాయని అడిగేవారు అరుదు. ఈ ప్రశ్నకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైలుమార్గపు పనివాని తలలోనుండి ఇనుపకడ్డీ దూసుకుపోయింది. అతడు బ్రతికాడు గాని స్వభావం మారినదని వైద్యుడు వ్రాశాడు. 1861లో ఫ్రాన్సు వైద్యుడు పాల్ బ్రోకా, మాట పోయిన రోగి మెదడును మరణానంతరం పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బను చూపాడు.

ఈ చరిత్రలో తెలుగునాటికీ ఒక పుట ఉన్నది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించింది. ఫలితాలు 2016లో వెలువడినవి. ఒకటికి మించిన భాషలు వచ్చినవారిలో సుమారు 40 శాతం మందికి మేధాశక్తి చెక్కుచెదరలేదు. ఒకే భాష వచ్చినవారిలో అది సుమారు 20 శాతమే. మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ భేదం కనబడలేదు.

కనుక అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో కొబ్బరిచెట్టు మీదనుండి పడి తలకు దెబ్బ తగిలినవారు, పక్షవాతం నుండి లేచినవారు మునుపటివలె లెక్క చూడలేకపోయినా, అకారణంగా కోపించినా, దానిని మొండితనమని నిందించకండి. అది గాయపు జాడ కావచ్చును. నరాల వైద్యునికి చూపించండి.